పనిచేస్తున్న బ్రేకులకు రిపేరు

ట్రైలర్ బ్రేకులు చెడిపోయాయని భార్యను నమ్మించాలనుకునేవాడు ముందుగా ఒక సంగతి చూసుకోవాలి. ఆ భార్య ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి కాకూడదు. ఈ చిన్న విషయం ఆర్విడ్ ట్వెయిట్ బుర్రకి తట్టలేదు. తట్టి ఉంటే జూన్ నెలలో ఒక మంగళవారం పొద్దున్నే పికప్‌లో కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టకుండానే పెట్టినట్టు మొహం పెట్టి ఉండేవాడు కాదు.

భార్య మార్లిస్ వెనక, ట్రైలర్ చక్రం పక్కన గొంతుక్కూర్చుని చెవి ఒగ్గి వింటోంది. పికప్ వెనక తగిలించి లాక్కెళ్ళే ఈ చక్రాల ఇళ్ళకి బ్రేకులు కరెంటువి. ముందు పికప్‌లో పెడల్ తొక్కితే వెనక నాలుగు చక్రాల్లోనూ ఉన్న అయస్కాంతాలు మేలుకుని, డబ్బాలో చిక్కుకున్న తేనెటీగలా సన్నగా గుయ్‌మంటాయి. గుయ్‌మంటే బ్రేకు ఉన్నట్టు, అనకపోతే లేనట్టు. ఈ పరీక్షకి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తొక్కాలి, ఒకరు వినాలి.

"వినపడుతోందా?" అని అరిచాడు ఆర్విడ్.

"లేదు," అంది మార్లిస్.

"అయ్యో," అన్నాడు ఆర్విడ్. కడుపునిండా భోంచేసినవాడు త్రేన్చినంత తృప్తిగా వచ్చింది ఆ అయ్యో.

"వెనక ఎర్ర దీపాలు కూడా వెలగలేదు," అంది మార్లిస్. "అవి కూడా చెడిపోయాయా, నువ్వు తొక్కడం మర్చిపోయావా?"

కాలు జారిందన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో కాలు జారడం పెద్ద నేరమేమీ కాదు కదా అని కూడా అన్నాడు. అంటూనే ఎడమచేతిని మోకాలి కిందికి పోనిచ్చి, స్టీరింగు అడుగున తనే బిగించుకున్న చిన్న పెట్టెని తడుముకున్నాడు. ట్రైలర్ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో ఆ పెట్టెకున్న తిప్పుడు చక్రం చెబుతుంది, సున్నా నుంచి పది దాకా. పదేళ్ళ వాడకంలో అంకెలన్నీ అరిగిపోయి బొటనవేలి గుర్తే మిగిలింది. ఆర్విడ్ దాన్ని ఇక వెనక్కి తిరగనంత వెనక్కి తిప్పేశాడు. అది సున్నా. ఈసారి పెడల్ నిజాయితీగా తొక్కాడు.

ఎర్ర దీపాలు వెలిగాయి. చక్రాలు కిమ్మనలేదు.

"అవునా," అంది మార్లిస్ లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ.

ఆ ఊళ్ళో "అవునా" అనే మాటని అందరూ వాడతారు కానీ మార్లిస్ వాడకం వేరు. అరవై మంది పిల్లల బస్సులో, పన్నెండో వరసలో ఎవడు ఎవడి టోపీ కిటికీలోంచి విసిరేశాడో అద్దంలో చూసి కూడా, వాణ్ణి పిలిచి "టోపీ గాలికి పోయిందా? అవునా" అనేది. ఆ అవునాకి రెండో స్టాపు వచ్చేసరికి వాడే ఏడ్చుకుంటూ వచ్చి ఒప్పుకునేవాడు. అందుకే ఆర్విడ్‌కి ఆ రోజంతా వీపు మీద ఒక అద్దం అతికించినట్టే ఉంది.

ఇంతకీ బంగారంలాంటి బ్రేకుల్ని చెడిపోయాయనడం ఎందుకంటే, దానికో కొండ కారణం.

వీళ్ళ ఊరు నోర్‌హీమ్. మినసోటాలో, రెడ్ రివర్ లోయలో ఉంది. లోయ అన్నది పేరుకే. నేల మీద గోళీ పెడితే సాయంత్రానికి కూడా అక్కడే ఉంటుంది. ఊళ్ళో ఎత్తయిన చోటు చూపించమంటే రైలు పట్టాల మీది వంతెన చూపిస్తారు. అలాంటి చోట పుట్టి పెరిగినవాడు ఏటా జూన్‌లో తూర్పుకి రెండొందల యాభై మైళ్ళు ట్రైలర్ లాక్కెళ్ళి, డులూత్ దగ్గర పెద్ద సరస్సు మీదికి దిగే ఆ పొడవాటి కొండ దిగాలి. ముప్ఫై ఏళ్ళు దిగాడు. పోయిన సెప్టెంబరులో, సీజను ఆఖరున ఇంకోసారి వెళ్ళినప్పుడు మాత్రం ట్రైలరే అతన్ని దించింది.

ఆ రోజు పొద్దున బ్రేకులు కుదుపుతున్నాయని తిప్పుడు చక్రాన్ని తనే తగ్గించాడు. మళ్ళీ పెంచడం మర్చిపోయాడు. కొండ మధ్యకి వచ్చేసరికి మూడున్నర టన్నుల ఇల్లు వెనకనుంచి తోసుకొచ్చింది. పెట్రోలు కోసం పక్కకి తిరిగిన చోట ఎర్ర లైటుంటే, ఆ లైటుని ఆర్విడ్ చూస్తూనే ఉన్నాడు, పికప్ మాత్రం ఆగకుండా దాటిపోయింది. దేవుడి దయవల్ల అటూ ఇటూ ఎవరూ లేరు. పక్క సీట్లో మార్లిస్ తల వాల్చి నిద్రపోతోంది. అదొక్కటే ఆర్విడ్‌కి దక్కిన అదృష్టం. ఎవరికీ చెప్పలేదు.

బ్రేకులది తప్పయితే బాగు చేయించుకోవచ్చు. తప్పు తనది. ఇవాళ చక్రం తిప్పడం మర్చిపోయినవాడు రేపు ఇంకేం మర్చిపోతాడో అని తొమ్మిది నెలలుగా తనని తనే అనుమానిస్తున్నాడు. కళ్ళజోడు కనపడకపోయినా, పక్కింటివాడి కుక్క పేరు నోటికి రాకపోయినా గుండె గుభేలుమంటోంది. ఆ కొండ మళ్ళీ దిగడం తనవల్ల కాదు. కాదని చెప్పడం అంతకన్నా కాదు. ఇంకోపక్క, స్టీరింగు మార్లిస్‌కి ఇద్దామన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. నలభై అడుగుల బస్సుని మంచు తుఫానులో నడిపిన మనిషే, కానీ ప్రయాణానికి బయల్దేరితే మొగుడు నడపాలి, పెళ్ళాం మ్యాపు పట్టుకోవాలి. ఈ రూలు ఎవరు పెట్టారో తెలియదు, పాటించడం మాత్రం ఇద్దరూ పాటించారు.

వెళ్ళకుండా ఊరుకుందామంటే పద్నాలుగో నంబరు ఊరుకోదు. సరస్సు ఒడ్డున వీళ్ళ ట్రైలర్ల సంఘానికి ఇరవై స్థలాలున్నాయి. పద్నాలుగోది వీళ్ళది. పొద్దున్నే తలుపు తీస్తే నీళ్ళ మీద పడే సూర్యుడు నేరుగా మార్లిస్ కాఫీ కప్పులోకి వస్తాడు. జూన్ రెండో శనివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా చక్రాలు ఆ స్థలంలో ఉండాలి. లేకపోతే జాబితాలో తరవాతి పేరుకి పోతుంది. తరవాతి పేరు మార్లిస్ పినతల్లి కూతురు కొరిన్. తొమ్మిదేళ్ళుగా కాచుకుని ఉంది. ఏటా మే నెలలో పూల బొమ్మ కార్డు పంపుతుంది, మీ ఇద్దరి ఆరోగ్యాలూ ఎలా ఉన్నాయి అని. ఆ కార్డుని మార్లిస్ చెత్తబుట్టలో వేసేముందు రెండు ముక్కలు చేస్తుంది.

అందుకని బ్రేకులు చెడిపోవలసి వచ్చింది. చెడిపోతే ఎవరి తప్పూ కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆర్విడ్ రిపేరు షాపుకి ఫోన్ చేశాననీ, మూడు వారాలదాకా ఖాళీ లేదన్నారనీ చెప్పాడు. మార్లిస్ బ్రెడ్డుకి వెన్న రాస్తూ ఎవరితో మాట్లాడావంది. ఎవరో అమ్మాయి అన్నాడు. మంగళవారాలు వాళ్ళు షాపు తియ్యరు కదా అంది. అందుకే అమ్మాయి ఒక్కతే ఉందన్నాడు ఆర్విడ్. ఆ జవాబు తట్టినందుకు తనకే ముచ్చటేసింది.

"అవునా," అంది మార్లిస్. వెన్న మాత్రం రొట్టె అంచుదాకా రాసింది. కోపం వస్తే అంచులు వదిలేసే మనిషి అంచుదాకా రాసిందంటే, ఏదో ఉంది.

ఇంతలో మగవాళ్ళు వచ్చారు.

నోర్‌హీమ్‌లో ట్రైలర్ కింద ఒకడి కాళ్ళు కనపడితే చాలు, రిటైరైన మగవాళ్ళు ఎవరి కాఫీ కప్పు వాళ్ళు పట్టుకుని వచ్చేస్తారు. పిలవక్కర్లేదు. మొదట వచ్చింది హార్లన్, కరెంటు స్తంభాలెక్కి ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు. పిడుగు పడినా "చూద్దాం" అంటాడు గనక ఊళ్ళో చూద్దాం హార్లన్. రెండోవాడు వెర్లిన్, ధాన్యం గోదాము మేనేజరు చేశాడు. ఏ వస్తువునైనా ముందు కాలితో ఒకసారి తన్ని గానీ అభిప్రాయం చెప్పడు. అతను తన్నుల వెర్లిన్. మూడో ఆయన మిల్టన్ మాస్టారు, హైస్కూల్లో వడ్రంగం, ఇనప పని నేర్పినాయన. ఊళ్ళో సగం మంది మగవాళ్ళకి వేళ్ళు పూర్తిగా ఉన్నాయంటే ఆయన పుణ్యమే.

వెర్లిన్ నాలుగు చక్రాలనీ తలా ఒక తన్ను తన్నాడు. మాస్టారు జేబులోంచి దిక్సూచి తీసి చక్రం దగ్గర పట్టుకున్నారు. అయస్కాంతం మేలుకుంటే ముల్లు ఉలిక్కిపడాలట. ఆర్విడ్ కంగారుపడ్డాడు. అబద్ధాన్ని కనిపెట్టే సామాను మాస్టారి జేబులో రెడీగా ఉండడం తనకి నచ్చలేదు. కానీ తిప్పుడు చక్రం సున్నాలో ఉంది కదా, ముల్లు ఉత్తరాన్ని చూస్తూ నిలబడిపోయింది. హార్లన్ మీటరు తెచ్చి తీగలు చూశాడు. తరవాత ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు పికప్‌లో కూర్చుని, స్టీరింగు కిందికి వంగి, లేచి, దిగి వచ్చారు.

ముగ్గురికీ తెలిసిపోయింది. ముగ్గురిలో ఒక్కడూ నోరు విప్పలేదు.

ఎందుకంటే ఆ ఊరి మర్యాద అలాంటిది. మనిషి ప్యాంటు జిప్పు పెట్టుకోకుండా చర్చికి వచ్చినా అతని మొహాన చెప్పరు. ఆకాశంకేసి చూసి, వాన వచ్చేలా ఉందంటారు. ముప్ఫై ఏళ్ళుగా ట్రైలర్ లాగుతున్నవాడు తిప్పుడు చక్రం సున్నాలో పెట్టుకుని బ్రేకుల్లేవని చక్రాల కింద దొర్లుతుంటే ఎలా చెబుతారు పాపం?

"చూద్దాం," అన్నాడు హార్లన్.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు వెర్లిన్. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు.

మిల్టన్ మాస్టారు ఆర్విడ్ భుజం మీద చెయ్యి వేసి, వయసు అందరికీ వస్తుందయ్యా అని వెళ్ళిపోయారు. ఆర్విడ్ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. బ్రేకుల గురించి అన్నారా, తన గురించి అన్నారా? ముగ్గురూ వీధి చివరదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నడిచివెళ్ళడం చూస్తే అనుమానం ఇంకా పెరిగింది.

బుధవారం పొద్దున పికప్ తలుపు తీసేసరికి సీటు మీద మూడు కట్టల రూబార్బ్ ఉంది. జూన్ వచ్చిందంటే ఆ పుల్లటి ఎర్ర కాడలు ఊళ్ళో ప్రతి దొడ్లోనూ విరగకాస్తాయి. ఎవరింట్లోనూ చెల్లవు. కార్లకి తాళాలు వెయ్యని ఊరు గనక, పక్కవాడి కారులో పడేసి పోవడం మామూలే. కానీ ఒకే రాత్రి మూడు కట్టలా? ఒకటి దారంతో కట్టి ఉంది, ఒకటి కరెంటు తీగతో, ఒకటి చక్కగా కొలిచి కోసిన తాడుతో. ఎవరు పెట్టారో ముళ్ళే చెబుతున్నాయి. ఎందుకు పెట్టారన్నదే అంతుపట్టలేదు.

కట్టలు మార్లిస్‌కి చూపించాడు. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అది ఇంకా అనుమానంగా తోచింది. మనిషి చచ్చిపోతే పరామర్శకి ఇలాగే తెచ్చి పెడతారు, నాకు తెలియకుండా నేనేమైనా పోయానా అన్నాడు. పోతే నీకే ముందు తెలుస్తుందిలే అంది. ఆ పూటంతా ఆర్విడ్ రూబార్బ్‌ని అనుమానించాడు, వీధిని అనుమానించాడు, కొరిన్ లంచం ఇచ్చిందేమోనని కూడా అనుమానించాడు. తిప్పుడు చక్రాన్ని మాత్రం అనుమానించలేదు.

మధ్యాహ్నం మార్లిస్ తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. పద్నాలుగో నంబరు వదిలేసుకుంటానంది. ఆర్విడ్ తన చెవుల్ని నమ్మలేకపోయాడు.

"వదిలేస్తావా?"

"బ్రేకుల్లేకుండా వెళ్ళలేం కదా. కాకపోతే ఒక్కసారి రోడ్డు మీద నడిపి చూపించు. లేవని నా కళ్ళతో చూస్తే, నేనే కొరిన్‌కి ఫోన్ చేసి చెబుతాను."

ఇంత సులువుగా తేలిపోతుందని ఆర్విడ్ అనుకోలేదు. సంతోషంతో పాటు గుండె మూల ఎక్కడో చిన్న ముల్లు. ముప్ఫై ఏళ్ళ సూర్యుణ్ణి ఆవిడ కాఫీ కప్పులోంచి తనే తీసేస్తున్నాడు. అయినా కొండ గుర్తొచ్చింది, ముల్లు సర్దుకుంది. సరేనన్నాడు.

ఊళ్ళో అంత ఖాళీ జాగా చర్చి పక్కన కార్లు పెట్టే స్థలమొక్కటే. అయిదు గంటలకి బయల్దేరారు. అక్కడిదాకా తిన్నని చదును దారి, బ్రేకు తొక్కే పనే పడలేదు. ఎలా తెలిసిందో ఏమో, హార్లన్, వెర్లిన్, మాస్టారు అప్పటికే మడత కుర్చీలు వేసుకుని కప్పులతో కూర్చుని ఉన్నారు. ముగ్గురి మొహాల్లోనూ రహస్యంగా పుణ్యం చేసినవాళ్ళ వెలుగుంది. ఆర్విడ్‌కి ఆ వెలుగు అస్సలు నచ్చలేదు.

మార్లిస్ పక్కన ఎక్కి బెల్టు పెట్టుకుని, దాన్ని రెండుసార్లు లాగి చూసుకుంది.

"అంత గట్టిగా ఎందుకు?" అన్నాడు ఆర్విడ్.

"అలవాటు," అంది మార్లిస్.

వేగం గంటకి ఇరవై మైళ్ళకి తెచ్చాడు. ట్రైలర్ బ్రేకొక్కటే పట్టించి చూడడానికి ఆ పెట్టెకి ఒక చేతి మీట ఉంటుంది. బ్రేకులున్నప్పుడైతే దాన్ని నెమ్మదిగా నొక్కుతారు. లేని బ్రేకుకి భయమెందుకు? ప్రేక్షకుల ఎదురుగా వచ్చేసరికి ఆర్విడ్ నాటకంలో రాజులా తల ఎత్తి, "చూడు, ఎంత నొక్కినా లేదు," అని మీటని ఆ చివరికంటా నొక్కేశాడు.

ఏమైందో ఆర్విడ్‌కి తెలిసేసరికి నుదురు హారన్ మీద ఉంది. హారన్ మోగుతూనే ఉంది. వెనక నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుపోయి, నల్లటి నాలుగు చారలు గీసి, పొగలు కక్కుతూ నిలబడ్డాయి. ట్రైలర్ లోపల మాత్రం అన్నీ ఆగలేదు. గిన్నెలు, పళ్ళేలు, మడత మంచం, ప్రయాణానికని మార్లిస్ సర్దిన పద్దెనిమిది సీసాల ఊరబెట్టిన బీట్‌రూట్ ముందుకి ప్రయాణించాయి. ఆ చప్పుడు చాలాసేపు విడతలు విడతలుగా వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాక ఒక మూత తీరిగ్గా దొర్లి పడుకుంది. తలుపు కిందనుంచి ఎర్రటి నీళ్ళు కారడం మొదలెట్టాయి. అది చూసి వెర్లిన్ కుర్చీలోంచి లేచి టోపీ తీశాడు.

మిల్టన్ మాస్టారు చారలకేసి చూసి కాఫీ ఒక గుక్క తాగారు.

"పర్వాలేదే," అన్నారు.

ఆ ఊళ్ళో అంతకుమించిన మెప్పు లేదు. పెళ్ళికూతుర్ని చూసినా అంతే అంటారు.

ఆర్విడ్ నుదురు ఎత్తాడు. నోరు మూసుకుని ఉంటే ఇంకా బతికి బట్టకట్టేవాడేమో. కానీ మనిషి అదిరిపోయి ఉన్నాడు.

"ఇదెలా పట్టింది?" అన్నాడు. "నేను సున్నాలో పెట్టానే!"

ఇంజను కూడా ఆగిపోయి ఉండడంతో, ఆ మాట మడత కుర్చీలదాకా స్పష్టంగా వెళ్ళింది. ముగ్గురూ ఒక్కసారే ఎవరి బూట్లకేసి వాళ్ళు చూసుకున్నారు. హార్లన్ గొంతు సవరించుకుని, నిన్న రాత్రి రూబార్బ్ పెట్టడానికి వచ్చి, తిప్పుడు చక్రం ఒక్క బొటనవేలి మందం ముందుకి తిప్పానన్నాడు. ఆర్విడ్ చిన్నబుచ్చుకుంటాడని చెప్పలేదట. వెర్లిన్ హార్లన్‌కేసి అదోలా చూసి, నేనూ ఒక మందం తిప్పానన్నాడు. మాస్టారు మూడో మందం ఒప్పుకున్నారు. అంకెలు అరిగిపోయిన చక్రం, ఎవడికి వాడు తానే మొదటివాణ్ణనుకున్నాడు. ముగ్గురి మర్యాదా కలిసి ఎనిమిది దాటింది.

"పదికి మిగతా రెండూ నావి," అంది మార్లిస్ నెమ్మదిగా.

ఆర్విడ్ ఆవిడ వైపు తిరిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున. నువ్వు మోకాలి కిందికి వంగడం పక్క అద్దంలో కనపడింది. ఇరవై ఆరేళ్ళు రోజూ పొద్దున్నే అయిదున్నరకి బ్రేకులు చూసుకుని బండి తీశాను, ఆర్విడ్. చెడిపోయిన బ్రేకుని చూసి అయ్యో అంటూ నవ్వేవాణ్ణి ఇదే మొదటిసారి చూడటం."

బెల్టు తియ్యకుండానే కూర్చుంది. బయట ముగ్గురూ వాన గురించి గట్టిగా మాట్లాడుకోవడం మొదలెట్టారు, వీళ్ళ మాటలు తమకి వినపడకుండా ఉండాలని.

"పోయిన సెప్టెంబరులో ఆ కొండ కింద," అంది మార్లిస్, "నేను నిద్రపోలేదు."

ఆర్విడ్ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి.

"కళ్ళు మూసుకున్నాను. చూస్తే అరుస్తాను, అరిస్తే నువ్వు తడబడతావు. దాటాక చెబుతావనుకున్నాను. సరస్సు దగ్గర చెబుతావనుకున్నాను. క్రిస్మస్‌కి చెబుతావనుకున్నాను. తొమ్మిది నెలలు చూశాను."

"భయం వేసింది," అన్నాడు ఆర్విడ్. "చాలా భయం వేసింది, మార్లిస్. కొండ గురించి కాదు. నేనే మర్చిపోయాను. నిన్ను చంపేసేవాణ్ణి."

"నాకూ వేసింది," అంది. "నువ్వు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. విడివిడిగా పడ్డాం, అదే నాకు కోపం." చీర కొంగు లేని దేశం గనక చొక్కా చేత్తో కళ్ళు ఒత్తుకుంది. "దిగు. బీట్‌రూట్ నువ్వు కడుగుతున్నావు."

కడిగాడు. గురువారమంతా కడిగాడు. ట్రైలర్ లోపల గోడలు ఇప్పటికీ అక్కడక్కడా గులాబీ రంగులో ఉంటాయి.

శుక్రవారం పొద్దున మార్లిస్ నేరుగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. అంతే, ముప్ఫై ఏళ్ళ రూలు తలుపు వేసినంత తేలిగ్గా పోయింది. వీధిలో ముగ్గురూ కప్పులతో నిలబడి చూశారు. ఆర్విడ్ అడక్కుండానే నడుం నొప్పి అన్నాడు. అవునవును అన్నారు ముగ్గురూ, ఆకాశంకేసి చూస్తూ.

చెప్పొద్దూ, పక్క సీటు ఆర్విడ్‌కి బ్రహ్మాండంగా నచ్చింది. కిటికీలోంచి చేలు చూశాడు, సాండ్‌విచ్ తిన్నాడు, ఓ కునుకు తీశాడు. ఇక జన్మలో స్టీరింగు ముట్టనక్కర్లేదు, ఈ నడుం నొప్పిని ఇలాగే పోషించుకుంటే చాలు. నూట యాభై మైళ్ళు దాటేసరికి నొప్పిని కుడికాలిలోకి కూడా దింపాడు. మార్లిస్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం తనకి అనుమానంగా ఉండవలసింది, కానీ హాయిలో ఉన్న మనిషికి అనుమానం రాదు.

కొండ నెత్తిన, బళ్ళు ఆపుకుని సరస్సు చూసే చోట, మార్లిస్ పక్కకి తీసి ఆపింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆర్విడ్ వైపు తలుపు తీసింది.

"జరుగు," అంది.

"నడుం," అన్నాడు ఆర్విడ్.

"ఇరవై ఆరేళ్ళు లెక్కల పరీక్ష రోజు కడుపునొప్పులు విన్నాను. జరుగు. ఇవాళ దిగకపోతే నువ్వు ఇంకెప్పుడూ దిగవు. ఏటా నేనే దింపాలి, ఏటా నువ్వు నొప్పులు కనిపెట్టాలి. నాకు అంత ఓపిక లేదు."

"మళ్ళీ మర్చిపోతే?"

"నేనున్నాను కదా. తిప్పుడు చక్రం ఎంతలో ఉంది?"

బొటనవేలితో తడిమాడు. సున్నాదాకా వెనక్కి తిప్పి, అక్కడినుంచి మందాలు లెక్కపెట్టుకుంటూ ముందుకి తెచ్చాడు. రెండు. "అయిదు, అయిదున్నర," అన్నాడు. మీట కాస్త నొక్కి చూశాడు. మార్లిస్ దిగి చక్రం దగ్గర వంగి విని వచ్చి, గుయ్‌మంటోంది అంది. బెల్టు పెట్టుకుంది. ఈసారి కళ్ళు బాగా తెరుచుకునే కూర్చుంది.

దిగారు. మొదటి మలుపులో ఆర్విడ్ స్టీరింగుని కౌగిలించుకున్నంత పని చేశాడు. రెండో మలుపులో ఊపిరి తియ్యమని మార్లిస్ గుర్తు చేసింది. వెనక బరువు తోసింది, పెడల్ మీద కాలు పడింది, ట్రైలర్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టు పట్టి నిదానించింది. ఇంకోసారి తోసింది, ఇంకోసారి పట్టింది. కింద పక్కదారిలోకి తిరిగారు. ఎదురుగా ఆ ఎర్ర లైటు. ఆర్విడ్ తొక్కాడు. గీతకి జానెడు ఇవతల బండి ఆగింది.

ఆగి, అలాగే ఉంది.

లైటు పచ్చబడింది. ఆర్విడ్ కదల్లేదు. వెనక లారీ అతను కూడా ఆ ప్రాంతంవాడే అయి ఉండాలి, హారన్ కొట్టకుండా ఆకాశంకేసి చూస్తున్నాడు.

"పచ్చ లైటు పడింది," అంది మార్లిస్.

"చూశాను," అన్నాడు ఆర్విడ్. "ఆగింది కదా. కాసేపు ఆగనీ."

మార్లిస్ అతని కేసి చూసింది. అవునా అనలేదు. ఇంతలో లైటు మళ్ళీ ఎర్రబడింది.

"సరే," అంది, "ఇక దీనికి కూడా ఆగు."